తలుపుకు కట్టిన అడ్డకట్టెలు

ఆ గురువారం పొద్దున లస్మవ్వ అనుకున్న పని చిన్నదే. పది గంటలకు మొగుడి తలను డాక్టరుకు అప్పజెప్పాలి, వరండాలో కూర్చొని ఒక చాయ్ తాగాలి, సాయంత్రానికి ఆ తలను తిరిగి తీసుకోవాలి. పోశం కుడికన్ను వెనక గోలీకాయంత గడ్డ ఉంది. అది చూపు నరాన్ని నొక్కుతోంది. తీయకపోతే కన్ను పోతుంది. తీసే శ్రేయస్ డాక్టరు నాగపూర్ నుంచి చంద్రపూర్‌కు గురువారాలే వస్తాడు.

లస్మవ్వకు ఎవరినీ ఊరికే నమ్మే అలవాటు లేదు. వరోరాలో కందిపప్పు కొన్నా నాలుగు గింజలు కొరికి చూసే మనిషి. ఆపరేషన్ గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా మెడ చాచింది. మూడోసారి కనబడింది. లోపల వేరే రోగి గుడ్డల కింద పడుకొని ఉన్నాడు. డాక్టరు చేతులు ఆ తలలో ఉన్నాయి, కళ్లు మాత్రం ఎదురుగా ఉన్న పెద్ద టీవీ మీద ఉన్నాయి. పైగా ముఖానికి నల్లద్దాలు. పక్కనున్న ఇద్దరికీ నల్లద్దాలే.

ఆమె వచ్చి వరండాలో స్ట్రెచర్ మీదున్న పోశం చెవిలో వేసింది. "తల దిక్కు చూస్తలేడు. టీవీ చూస్తుండు. నేను టీవీ చూసుకుంట కూరగాయ కోస్తే ఏలు తెగింది, యాదికుందా?"

పోశం ముప్పై ఏళ్లు బొగ్గుగనిలో సర్దార్‌గా చేసినవాడు. షిఫ్టు మొదట్లో అతను గని కప్పును కర్రతో కొట్టి, చప్పుడు విని, సరేనంటేనే మిగతావాళ్లు లోపలికి పోవాలి. అనుమానం ఉంటే దారికి రెండు కట్టెలు ఇంటూ గుర్తులా అడ్డం కడతాడు. వాటిని మేనేజరైనా దాటకూడదు. దాటిన ఇద్దరి దినాలకు పోశం వెళ్లి వచ్చాడు.

"చూడకుంట చెయ్యి పెట్టేటోన్ని నేనెన్నడు లోపలికి పోనియ్యలే," అన్నాడు పోశం. లోపలి రోగిని బయటికి తోసుకుపోగానే గుండుతో, పచ్చ గౌనుతో లేచి, తుడుపు కర్రలు రెండింటిని ఆ తలుపుకు అడ్డంగా కట్టి, వచ్చి మళ్లీ పడుకున్నాడు.

ఆ ఆస్పత్రిలో సగంమంది గని కుటుంబాలవాళ్లే. ఆ కట్టెలకు వాళ్లకు తెలిసిన అర్థం ఒక్కటే: కప్పు కూలబోతోంది. మొదట బాపురావు అనే ముసలాయన తన సెలైన్ సీసాను తానే ఎత్తి పట్టుకొని మెట్లు దిగాడు. ఆయన్ను చూసి ఎముకల వార్డు కదిలింది. నెల నుంచి నడవలేనివాళ్లు కూడా నడిచారు. గది తుడిచే అనసూయ తానూ దాటనంది, మత్తుమందు డాక్టరును కూడా చెయ్యి పట్టి ఆపింది. పన్నెండింటికి ఆస్పత్రంతా మోటారు సైకిళ్ల షెడ్డు కింద ఉంది. గేటు బయట ఫైరింజను ఉంది.

నర్సు రజిని వచ్చి, వరండాలోనే ఉన్న లస్మవ్వ పక్కన కూర్చుంది. "అవ్వా, సారు నాలుగింటి రైలుకు పోతడు. మల్ల గురువారం దాంక ఆ కన్ను ఆగదు."

అయినా లస్మవ్వ దిగిరాలేదు. "కన్నైతే ఒక్కటే పోతది బిడ్డా. చూడకుంట కోస్తే మనిషే పోతడు."

శ్రేయస్ డాక్టరు వచ్చాడు గాని కట్టెలను ముట్టుకోలేదు. అతని మేనమామలదీ బల్లార్‌పూర్ గనే. మీరే సర్దార్, ముందు తనిఖీ చేయండి కాకా, అని మరాఠీలో పిలిచాడు. తనిఖీకి సర్దార్ దాటొచ్చు కాబట్టి పోశం ముందు, అతని వెంట వాళ్లిద్దరూ కట్టెల కింద వంగి లోపలికి వెళ్లారు. మొగుడూ పెళ్లాలకు చెరో జత నల్లద్దాలు ఇచ్చి, వాటితో చూస్తేనే టీవీలో లోతు తెలుస్తుందన్నాడు. పొడుగు చెయ్యి చివర వేలాడే కెమెరాను చూపి, దాన్ని ఎక్సోస్కోప్ అంటారన్నాడు. దాని కింద పోశం అరచేతిని పెట్టాడు.

టీవీలో అరచెయ్యి ఊరంత పొలంలా లేచింది. గీతలు లోయలయ్యాయి. ఏనాటి గాయంలోనో చిక్కుకున్న బొగ్గురవ్వ చర్మం కింద నీలంగా మెరిసింది. పోశం తెరలోని గుంటలో వేలు పెట్టబోయాడు. డాక్టరు టీవీలో చూస్తున్నది తల లోపలికేనని అతనికి అప్పుడు అర్థమైంది.

"కప్పుల పగుళ్లు గిట్ల కనబడి ఉంటే..." అని ఆగిపోయాడు పోశం. ఏ ఇద్దరు గుర్తొచ్చారో లస్మవ్వ అడగలేదు. అతనే వెళ్లి కట్టెలు విప్పాడు.

ఆపరేషన్ అయ్యేసరికి డాక్టరుకు రైలు తప్పిపోయింది. మర్నాడు పోశం కుడికంటితో గోడ గడియారం చూసి వేళ సరిగ్గా చెప్పాడు. డాక్టరు సంతోషంగా వంగి తలమీది కుట్లు చూడబోతే లస్మవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"అద్దాలేవి సారూ? ఉత్త కండ్లతోని ఏం కనబడ్తది?"

రజిని నచ్చజెప్పింది. లస్మవ్వ చెయ్యి తీయలేదు. డాక్టరు వెళ్లి నల్లద్దాలు పెట్టుకొని వచ్చాడు. టీవీ లేనిచోట వాటితో గది కాస్త చీకటిగా కనబడుతుంది తప్ప మరే లాభమూ లేదని ఆయన ఎవరికీ చెప్పలేదు.