తనిఖీ నాటి ఆకుపచ్చ

పొద్దున్నే లేచి మనిషి చేయాల్సిన పనులన్నిటిలోకీ దిక్కుమాలిన పని, తన మూత్రానికి తానే రంగు చూసుకోవడం. ఈ విషయంలో ప్రపంచమంతటా ఏకాభిప్రాయం ఉందని నాంపల్లి స్టేషన్ వెనక కిరాయి ఇంట్లో ఉండే వెంకటనర్సయ్య అభిప్రాయం. (ప్రపంచాన్ని ఆయన అడగలేదు. సర్కారీ దఫ్తరులో పెద్ద గుమాస్తా, అడిగే అలవాటు లేదు.)

పద్ధతి ఇది. గాజు గొట్టంలో నీలం మందు పోయాలి. అందులో ఎనిమిది చుక్కలు వేయాలి, దేనివో చెప్పాను. స్పిరిట్ దీపం మీద మరిగించాలి. నీలం నీలంగానే ఉంటే ఒంట్లో చక్కెర అదుపులో ఉన్నట్టు. ఆకుపచ్చకు తిరిగితే కొంచెం, పసుపైతే ఇంకొంచెం, ఇటుక ఎరుపైతే ఇక చెప్పేదేమీ లేదు. రెండేళ్ళుగా రెండు పూటలా ఇన్సులిన్ సూది వేసుకుంటున్నా, ఆయన గొట్టం ప్రతి ఉదయం ఇటుక బట్టీయే. రాత్రంతా పడుకున్న మనిషి ఒంట్లోకి తెల్లారేసరికి చక్కెర ఎటునుంచి వస్తోందో విచారణ జరిపించాలని ఆయన చాలాసార్లు అనుకున్నాడు. బాధ్యులెవరో తేలలేదు.

భార్య శంకరమ్మకు చదువు రాదు. అందుకని గోడ మీది కాలెండరులో ఏ రోజు గడిలో ఆ రోజు రంగే పెడుతుంది. ఎరుపుకు కుంకుమ. పసుపుకు పసుపే. ఆకుపచ్చకు చిక్కుడాకు పసరు. నీలం కోసం బట్టల నీలిమందు ఒక చిప్పలో నానబెట్టింది. అది ఎండిపోయి రెండేళ్ళయింది.

దవాఖానకు కొత్తగా వచ్చిన డాక్టర్ దేవప్రసాద్ ప్రతి నెలా మొదటి సోమవారం రమ్మన్నాడు. ఆ ఉదయపు మూత్రం ఒక సీసాలో, రోజువారీ రంగులు రాసిన నోటుబుక్కు తెమ్మన్నాడు. డాక్టరు దృష్టిలో ఇది పరీక్ష. వెంకటనర్సయ్య దృష్టిలో తనిఖీ.

తేడా తెలియనివారు ఉంటారు కనుక చెబుతున్నాను. దఫ్తరులో ఏడాది పొడుగునా కాగితాల మీద దుమ్ము ఉంటుంది. పెద్ద సాబు వచ్చే ముందు రెండు రోజులు ఉండదు. గోడలకు సున్నం, జవాన్లకు ఉతికిన బట్టలు, రిజిస్టర్లకు శుభ్రమైన నకలు. సాబు సంతకం పెట్టి వెళ్తాడు, దుమ్ము తిరిగి విధుల్లో చేరుతుంది. నిజాం సర్కారు పోయి కొత్త సర్కారు వచ్చినా ఈ పద్ధతికి మాత్రం ఏ ఇబ్బందీ కలగలేదు. ఇరవై రెండేళ్ళలో వెంకటనర్సయ్య ఒక్క తనిఖీలోనూ తప్పలేదు.

అందుచేత శనివారం నుంచే అన్నం రద్దు. పూటకు సగం జొన్నరొట్టె. సాయంత్రం నాంపల్లి నుంచి కోఠి దాకా నడక, అబిడ్స్ మీదుగా వాపసు. ఆదివారం కూర్చుని నోటుబుక్కు నింపాడు: ఆకుపచ్చ, ఆకుపచ్చ, పసుపు, ఆకుపచ్చ. (మధ్యలో ఒక పసుపు లేకపోతే పై అధికారికి అనుమానం వస్తుంది.)

"ఏందయ్యా గిది? గోడ మీద కుంకుమ, బుక్కుల ఆకుపచ్చనా?" అంది శంకరమ్మ.

"గోడది కచ్చా చిట్టా, బుక్కుది పక్కా నకలు. నీకు దఫ్తరు సంగతి ఏం ఎరుక?"

"ఔ, నాకేం ఎరుక. రాత్రి ఆరుసార్లు లేసి చెంబులకు చెంబులు నీళ్ళు తాగేది కచ్చా మనిషా, పక్కా మనిషా?"

ప్రశ్న సరైన మార్గంలో రాలేదు కనుక పక్కన పెట్టి, ఆయన ఇంకో ఆకుపచ్చ రాశాడు.

సోమవారం దవాఖానలో మరిగిస్తే సీసాలోది ఆకుపచ్చకే తిరిగింది. డాక్టరు సంతోషించాడు. "శభాష్ వెంకటనర్సయ్య గారూ! సాయంత్రం సూది నాలుగు యూనిట్లు తగ్గిద్దాం." మరునాటి నుంచి గోడ మీద కుంకుమ ఇంకా చిక్కబడింది. రెండో నెల తనిఖీ కూడా జయప్రదం. ఇంకో నాలుగు తగ్గాయి. నడుం బెల్టుకు కొత్త బెజ్జాలు రెండు పడ్డాయి. కళ్ళు మసకబారాయి.

మూడో నెల ఏర్పాట్లు మరింత పటిష్ఠంగా జరిగాయి. ఆదివారం పొద్దంతా తిండి పూర్తిగా రద్దు. సాయంత్రం సూది మాత్రం వేసుకున్నాడు. అది పై నుంచి వచ్చిన ఉత్తర్వు. వేసుకుని నడకకు బయల్దేరాడు. అనుమానమొచ్చి శంకరమ్మ వెనకే నడిచింది. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు ముందు ఆయనకు చెమటలు పట్టాయి. ఎర్రటి తపాలా డబ్బాకు వంగి సలాం చేసి, "హుజూర్, అంతా ఆకుపచ్చనే" అని విన్నవించి, అక్కడే కూలబడ్డాడు. ఖాళీ కడుపున సూది పడితే చక్కెర మరీ పడిపోతుందని దవాఖానలో విన్న శంకరమ్మ ఇరానీ హోటల్లోకి ఉరికి గుప్పెడు చక్కెర తెచ్చి నోట్లో కుక్కింది. కాసేపటికి డబ్బా డబ్బాలాగే కనిపించింది.

మరునాడు ఆమె కాలెండరు చంకన పెట్టుకుని తానూ దవాఖానకు వచ్చింది.

"ఇదేంటమ్మా, జాతర పటమా?" అన్నాడు డాక్టరు.

"కాదు సార్, మీ పేషెంటు. బుక్కు మీకు సూపెడతందుకు, గిది నేను సూసుకుంటందుకు."

డాక్టరు కాలెండరునూ బుక్కునూ పక్కపక్కన పెట్టి చూశాడు. "వెంకటనర్సయ్య గారూ, మరి ఇన్నాళ్ళూ నేను ఎవరికి మందిచ్చాను?"

"తనిఖీకి సార్," అన్నాడాయన నిజాయితీగా.

కోసిన యూనిట్లు వెనక్కి వచ్చాయి, పైన రెండు కలిశాయి. సూది వేసుకున్నాక వేళకు తినాలని ఆజ్ఞ అయింది. "ఇకమీద మీ బుక్కూ వద్దు, సోమవారం సీసా వద్దు. అమ్మ కాలెండరే సాక్ష్యం. ఎరుపే ఉంటే సూది పెంచుతాను. నీలం వచ్చీ కాలెండరులో పడలేదో, పెంచిన సూదితో మళ్ళీ తపాలా డబ్బాకు సలాం చేస్తారు, జాగ్రత్త."

ఇరవయ్యో రోజు ఉదయం, నడక లేదు, పస్తు లేదు, రాత్రి రెండు రొట్టెలు తిన్నాడు. గొట్టం ఎంత మరిగించినా నీలంగానే ఉంది. గొట్టం పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తాడు.

శంకరమ్మ గొట్టాన్ని చూసింది, ఆయన్ని చూసింది. "నీళ్ళు కలిపినవా?"

"లేదే!"

"ఇంకెవలిదన్న తెచ్చినవా?"

"ఒట్టు!"

"కచ్చా ఒట్టా, పక్కా ఒట్టా?"

గడి ఖాళీగా వదిలేసింది. ఐదు రోజులు నీలం, ఐదు గడులు ఖాళీ. బయటి మనిషి ఎవరైనా వచ్చి కళ్ళారా చూసి చెబితేనే నీలిమందు నానబెడతానని తేల్చేసింది. పక్కింటి భూమయ్యను అడిగితే, "పొద్దుగాల్ల లేసి నేను సూడాల్సింది గదేనా, అన్నా?" అని తలుపు గడియ వేసుకున్నాడు.

సోమవారానికి ఇంక మూడు రోజులే ఉన్నాయి. ఖాళీ గడులు చూసి డాక్టరు సూది పెంచేస్తాడేమోనని వెంకటనర్సయ్యకు నిద్ర లేదు. కనుక పాఠక మహాశయులారా, ఏం చేయాలో మీరే సెలవివ్వండి. పొద్దున ఆరింటికి నాంపల్లి రాగల పెద్దమనుషులెవరైనా ఉంటే దయచేసి రండి, చాయ్ ఇప్పిస్తాడు. ఇరవై రెండేళ్ళ అబద్ధాల కింద సంతకం పెట్టడానికి ఏటా ఒక పెద్ద సాబు దొరికాడు; ఐదు రోజుల నిజానికి ఒక్క సాక్షి దొరకడం లేదు.