సదయ్య గుండె, మత్తయి ఛాతీ

గోదావరిఖని బొగ్గుబాయి కార్మికుడు సదయ్య గుండె నిక్షేపంగా ఉందని హృదయకమలం ఆసుపత్రి సహర్షంగా ప్రకటించింది. అది విని సదయ్య లబోదిబోమన్నాడు. నిరుడే హైదరాబాదులో ఛాతీ కోసి గుండె ఆపరేషన్ చేశారాయె! మెట్లెక్కితే ఆయాసం. బాయి పనికి 'అన్‌ఫిట్' అని రాస్తే తను ఇంటిపట్టున ఉండొచ్చు, నౌకరీ కొడుకు శివకొస్తుంది. బాయి మీద బతికే ఊళ్లో చెడ్డ గుండెను మించిన ఆస్తి లేదని మీకు తెలియనిది కాదు.

ఆ అన్‌ఫిట్ కాస్తా అదే షిఫ్టు మనిషి, వరస కలుపుకున్న బావ మత్తయికి వచ్చింది. మత్తయి పొద్దున్నే గోదావరి దాకా ఉరికి వచ్చే రకం. ఇద్దరి పరీక్షలూ ఒకే పూట జరిగాయి. పేర్లు మాత్రం కాంపౌండరు టిఫిను ముగించాక తీరిగ్గా రాశాడు.

బావలిద్దరూ వెళ్లి డాక్టర్ భుజంగరావు ముందు అంగీలు విప్పారు.

"కోసింది నన్ను సారూ, గీ గీత చూడుర్రి" అన్నాడు సదయ్య.

"నాకు గీతనే లేదు. ఆ గుండె నాది కాదు, మా బావది" అన్నాడు మత్తయి.

భుజంగరావు కాగితాలను క్షుణ్ణంగా పరీక్షించి, లేచి నిలబడి ఉపన్యసించారు. "వైద్యశాస్త్రం గాట్లను నమ్మి ముందుకు పోలేదు! మా యంత్రం జర్మనీది. మత్తయిగారికి గీత కనబడలేదంటే, కోసిన చెయ్యి ఎంత గొప్పదై ఉండాలి! సదయ్యగారిది గోక్కున్న మచ్చ."

నర్సులు చప్పట్లు కొట్టారు. రోగం లేదనడమూ రోగ లక్షణమే కనుక మత్తయిని ఐసీయూలో పడుకోబెట్టారు.

వాడకట్టంతా కదిలింది. చర్చిలో ప్రార్థనలు పెట్టారు. మత్తయికి తీసుకెళ్లే కొబ్బరిబోండాల మూటను ఫిట్‌గా ఉన్న మనిషే మోయాలని సదయ్య నెత్తికెత్తారు. పాపం, ఆసుపత్రి మెట్ల మీదే గుండె పట్టుకుని కూలబడ్డాడు. నర్సు రిపోర్టు చూసి, ఫిట్టే కదా అని దాటిపోయింది.

మత్తయికి కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. సూది పీకేసి, బావను తన మంచమ్మీద పడుకోబెట్టి, బావ డ్యూటీకి తను పోయాడు. హాజరులో సదయ్య ఉన్నాడు, బాయిలోకి ఒక మనిషి దిగాడు. ఎవరికీ ఏ లోటూ రాలేదు.

రౌండుకొచ్చిన భుజంగరావు మంచమ్మీది ఛాతీని చూసి పులకించిపోయారు. "చూశారా, గీత బయటపడింది! రిపోర్టు ఏనాడూ తప్పదు." మత్తయి పేరు మీద సదయ్యకు దివ్యమైన వైద్యం జరిగింది, బతికి బయటపడ్డాడు.

మరుసటి నెల ఉత్తర్వు వచ్చింది. మత్తయి అన్‌ఫిట్, ఉద్యోగం ఆయన కొడుకు శాంతిరాజ్‌కు.

సదయ్య రొప్పుకుంటూ వచ్చాడు. "బావా, జల్ది పా. గుండె నాదని మల్లొక్కసారి చెప్పు. లేకుంటే మా శివ నౌకరీ పోతది."

మత్తయి కొడుకు కాళ్లకున్న కొత్త బూట్లను చూశాడు. భార్య ఎలిజబెత్ మొహం చూశాడు. ఆపైన మెల్లగా కూర్చుని, గీత లేని ఛాతీని చేత్తో పట్టుకున్నాడు.

"ఏమో బావా, పొద్దుగాల్ల సంది నాకు గూడ జర నొస్తనే ఉన్నది."