ప్రణవి పళ్ళెంలోకి తొంగిచూసినవాళ్ళు

ఇంట్లో ఆడపిల్ల అన్నం మానేస్తే కంగారు పడకండి. మహాభాగ్యం! బియ్యం మిగులుతుంది, పిల్లకు క్రమశిక్షణ ఉందని పేరొస్తుంది. ఇంతకన్నా ఏం కావాలి?

నాంపల్లిలో టీచరుగా పనిచేసే మా చెల్లెలు అహల్యకు ఈ భాగ్యం విలువ తెలియలేదు. ఆమె కూతురు ప్రణవి డిగ్రీ చదువుతోంది. దసరాకు వచ్చిన మేనత్త సుబ్బరత్నం అందరి ముందూ పిల్ల పళ్ళెంలోకి చూసి, "గింత తింటే రేపు పెండ్లిపీట సరిపోతదా బిడ్డా?" అంది. అందరూ నవ్వారు. ఆనాటి నుంచి ప్రణవి సరిగా తినడం మానేసింది. అద్దం ముందు నిలబడి తనను తానే తిట్టుకుంటోంది. ఎంత చవకైన డైటింగ్!

అహల్య నన్ను వెంటబెట్టుకుని ఆబిడ్స్‌లో పుస్తకాల షాపుకు వెళ్ళింది. సైకాలజీ అరలో రెండు లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలు దొరికాయి. ఒకటి ఆత్మనింద గురించి, రెండోది ఆడవాళ్ళు తిండితో పడే ఘర్షణ గురించి. ఏది కొనాలి?

"ఆత్మనిందకు పుస్తకమెందుకు? మన చుట్టాలు ఇంటికొచ్చి ఉత్తగనే నేర్పుతరు గదా," అని నా పాండిత్యం ప్రదర్శించాను.

అహల్య నవ్వలేదు. రెండింటి విషయసూచికలూ వేలు పెట్టి చదివింది. తల్లి మీద ఒక అధ్యాయం ఉంది, అద్దం మీద ఉంది, సినిమాల మీద ఉంది.

"అన్నా, గీ పుస్తకాలల్ల మేనత్త లేదు," అంది. "పిల్ల ఎట్ల బాగుపడాల్నో రాసిన్రు. పిల్లను మాటలన్నోళ్ళు ఎట్ల బాగుపడాల్నో ఎవ్వరు రాయలే."

చివరికి తిండి పుస్తకమే కొంది. ముందు పిల్ల తినాలంది.

ఆ ఆదివారం సుబ్బరత్నం మళ్ళీ భోజనానికి వచ్చింది. ప్రణవి భయంభయంగా పప్పు గిన్నె వైపు చెయ్యి చాపింది.

"మళ్ళ ఏస్కుంటున్నవా బిడ్డా?"

అహల్య గరిటె కింద పెట్టింది. "వదినే, అది దాని పళ్ళెం. మీకు జూడబుద్దైతే మీ పళ్ళెంలకు జూస్కోండ్రి."

గొంతు పెంచలేదు. సుబ్బరత్నం మాత్రం సగం అన్నంలోనే చెయ్యి కడుక్కుని లేచి వెళ్ళిపోయింది.  ప్రణవి పప్పు వేసుకుని, కలుపుకుని తింది.

ఇన్నాళ్ళూ పిల్ల తినకపోతే ఒక్క చుట్టమూ ఫోన్ చేయలేదు. ఆ సాయంత్రం మాత్రం హిమాయత్‌నగర్ నుంచి ఖైరతాబాద్ దాకా అందరూ అహల్యకు ఫోన్లు చేశారు. అందరిదీ ఒకటే బాధ. "పాపం, సుబ్బరత్నం అన్నం తినకుండ పోయిందంట."