విన్నీ ఆక్రాయిడ్‌కు ఓర్పు పతకం

ఇంగ్లండు ఉత్తరాన ఉన్న క్రాగ్లీ పట్టణ కౌన్సిల్ వారు ఈ ఏటి ఓర్పు పతకానికి ఎనభై ఒక్కేళ్ల విన్నీ ఆక్రాయిడ్‌ను ఏకగ్రీవంగా ఎంపిక చేశారు. ఆవిడ ఉండేది కౌన్సిల్ కట్టించిన మేడ ఆరో అంతస్తులో. లిఫ్టు చెడి పదకొండు నెలలైనా ఆవిడ గొంతు పెంచలేదు. మోకాళ్లు అరిగి మెట్లు దిగలేని మనిషి గొంతు మాత్రం ఎందుకు పెంచుతుంది చెప్పండి!

కౌన్సిల్ వారు చేతులు ముడుచుకుని కూర్చున్నారనుకునేరు. ‘అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అని లిఫ్టుకు అంటించిన కాగితం వెలిసిపోతే, వారంలోగా కొత్త కాగితం అంటించారు. మెట్ల మీద రొప్పుతూ ఎక్కేవాళ్లు ఒకరికొకరు దారిచ్చి, ఒకరినొకరు క్షమాపణ అడిగి, కొత్త కాగితం బాగుందని మెచ్చుకుని వెళ్లేవారు.

విన్నీ అక్క మేవిస్ ఎదురు వీధిలోని వృద్ధాశ్రమంలో చక్రాల కుర్చీలో ఉంటుంది. గురువారం నాలుగు గంటలకు ఇద్దరూ కలిసి టీ తాగడం నలభై ఏళ్ల అలవాటు. లిఫ్టు పోయాక ఎవరి కిటికీ దగ్గర వాళ్లు కప్పు పట్టుకుని, పాత్రలు తుడిచే గుడ్డ ఊపుకునేవారు.

పక్కింటి బోజెనా పోలండు పిల్ల. ఇంగ్లీషు పరీక్షకు చదువుతోంది. ఒకనాడు పుస్తకం పట్టుకొచ్చింది.

“విన్నీ గారూ, ‘పుట్ అప్ విత్’ అంటే ఏమిటండీ? బుర్రకెక్కడం లేదు.”

“ఏముంది తల్లీ, నచ్చనిదాన్ని నోరెత్తకుండా భరించడం. వానను భరిస్తాం. మా ఆయన గురకను చచ్చేదాకా భరించాను. ఇప్పుడు లిఫ్టును.”

“వానను ఎవరూ బాగుచెయ్యలేరు. లిఫ్టును చెయ్యొచ్చుగా?”

“అమ్మో, రచ్చ చేస్తే నలుగురూ ఏమనుకుంటారు!”

“మా ఊళ్లో అయితే మూడో రోజుకే మా అమ్మ కౌన్సిల్ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేది.”

“అందుకే నీకు ఆ మాట బుర్రకెక్కడం లేదు బంగారం.”

ఒక గురువారం అవతలి కిటికీలో గుడ్డ ఊగలేదు. మేవిస్ మంచం పట్టింది, చెల్లెల్ని చూడాలని అడుగుతోంది అని ఆశ్రమం వాళ్లు ఫోన్ చేశారు. బోజెనా మొగుడు కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్తానన్నాడు. “మెట్ల మీద అందరికీ అడ్డం కదయ్యా” అని విన్నీ ఒప్పుకోలేదు. కానీ జన్మలో చెయ్యని పని చేసింది. ఫిర్యాదు రాసింది.

‘మీ పనుల మధ్య విసిగిస్తున్నందుకు క్షమించాలి. లిఫ్టు కోసం మీరు పడే శ్రమ నాకు తెలుసు. తొందరేమీ లేదు. వీలైతే మా అక్కను ఒకసారి చూడాలనుంది.’

బోజెనా కాగితం అటూ ఇటూ తిప్పింది. “ఫిర్యాదు ఏదండీ ఇందులో?”

“చివర ఉంది కదే! ఇంతకన్నా గట్టిగా రాస్తే ఏం మర్యాద?”

కౌన్సిల్ వారు మొదటి మూడు వాక్యాలు చదివి కళ్లు తుడుచుకున్నారు. పన్నెండేళ్లలో వారికి అందిన తొలి ప్రశంసాపత్రం అది. పతకం వచ్చింది అందుకే.

రెండు వారాల తర్వాత, గురువారం నాలుగింటికి, కింది అంతస్తులో సభ. రిబ్బను కత్తిరించడానికి మరో చోటు లేక దాన్ని లిఫ్టు తలుపుకే కట్టారు. కౌన్సిలర్ నోరిస్ పికర్స్‌గిల్ గారు గొంతు సవరించుకున్నారు. “సోదరులారా! యంత్రాలు ఆగిపోతాయి. ఓర్పు ఆగదు! లిఫ్టు నడిచి ఉంటే ఇంతటి మహిళను మనం గుర్తించగలిగేవాళ్లమా?”

చప్పట్లు మెట్లగుండా ఆరో అంతస్తు దాకా ఎక్కి వచ్చాయి. విన్నీ కిటికీ దగ్గర ఉంది. అవతల మేవిస్ గదిలో ఆయా పరుపు దులుపుతోంది. కిటికీలో ఎవరిదో కొత్త పూలకుండీ. కబురు పొద్దున్నే వచ్చింది.

“ఆక్రాయిడ్ గారూ, రెండు మాటలు!” కింద నుంచి కేక.

“ఇప్పుడైనా అరవండి” అంది బోజెనా, ఆవిడ చెయ్యి పట్టుకుని.

విన్నీ గడప దాటి, మెట్ల కమ్మీ మీదుగా వంగి, గుండెల నిండా ఊపిరి పీల్చి, ఎన్నడూ లేనంత గట్టిగా అరిచింది. “మిమ్మల్ని నిలబెట్టేశాను, క్షమించండి!”

బోజెనాకు పరీక్షలో ‘పుట్ అప్ విత్’కు పూర్తి మార్కులు వచ్చాయి. కౌన్సిల్ వారు పతకాన్ని పోస్టులో పంపుతూ, మేవిస్ సంగతి తెలిసి ‘అయ్యో పాపం’ అని ఒక ముక్క రాశారు. ఇందాక ఇది చదువుతూ మీరన్నదీ ఆ ముక్కే కదండీ. ఆ ముక్క అనేసి, మీరూ పేజీ తిప్పబోతున్నారు.