నిరోధకతలో ప్రథమ బహుమతి

మానవజాతి ఇంతవరకు రాసుకున్న నిబంధనలన్నింటిలోకీ దయగలది పశు ఔషధ నియంత్రణ కార్యాలయం వారి ఏడో నిబంధన. జబ్బు లేని పందికి యాంటీబయాటిక్ ఇవ్వరాదని అది శాసిస్తుంది. దాని కిందే చిన్న అక్షరాల్లో, జబ్బు రాబోయే పందికి ఇవ్వవచ్చునని ఉంటుంది. (తనకు జబ్బు రాదని హామీ పత్రం రాసిచ్చిన పంది ఇంతవరకు ఆ కార్యాలయానికి రాలేదు.)

మా బావకు పందుల ఫారం ఉంది. షెడ్డు ఇరుకు. ఒక పంది పక్కకు తిరగాలంటే వరసంతా తిరగాలి. ఒకదానికి దగ్గు పట్టుకుంటే తెల్లారేసరికి షెడ్డంతా దగ్గుతుంది. అందుకని నియంత్రణాధికారి పందులన్నింటినీ 'కాబోయే రోగులు'గా గుర్తించి, అందరికీ కలిపి ఒకే మందుల చీటీ రాశారు. రోగి పేరు అన్నచోట 'అందరూ' అనీ, ఎన్నాళ్లు వాడాలి అన్నచోట 'అమ్ముడయ్యేవరకు' అనీ ఉంటుంది.

మందు బస్తాల్లో వచ్చేది. దాన్ని దాణాలో కలిపే పని మా అక్కది. ఇంట్లో దాన్ని ఎవరూ మందు అనేవారు కాదు, 'బలం' అనేవారు.

"బలం వేశావా?" అని బావ షెడ్డు అవతలి నుంచి కేకేసేవాడు.

"వేశాను. నీక్కూడా ఓ దోసెడు వెయ్యమంటావా?" అని అక్క ఇవతలి నుంచి అరిచేది.

ఈ ఏడాది కార్యాలయం వారు ఉన్నట్టుండి పందుల నుంచి నమూనాలు తీసి ల్యాబుకు పంపారు. పందుల్లోని క్రిములు ఏ మందుకు చస్తాయో తేల్చే పరీక్ష అది. క్రిమి మందుకు లొంగితే 'సున్నితం' అని, లొంగకపోతే 'నిరోధకత' అని రాస్తారు. బావ పందుల రిపోర్టులో ప్రతి మందు ఎదుటా 'నిరోధకత' అనే వచ్చింది. అధికారిగారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివి మురిసిపోయారు.

"ఒక్కటంటే ఒక్క సున్నితం లేదండీ! ఇంత రోగనిరోధక శక్తి నా సర్వీసులో చూడలేదు," అన్నారు.

ఆ నిరోధకత పందిది కాదు, పందిలోని క్రిమిది అని ల్యాబువారు ఫోన్ చేసి చెప్పారు. "పందిలో ఉన్నది పందిది కాక పక్కింటివాళ్లదా?" అని ఆయన ఫోన్ పెట్టేశారు. నెల తిరక్కుండా బావకు ప్రథమ బహుమతి వచ్చింది. ప్రశంసాపత్రానికి ఫ్రేము కట్టించి దాణా గదిలో తగిలించారు.

ఆ తర్వాత కొద్దిరోజులకే దాణా తొట్టి రేకు గీసుకుని అక్క కుడి అరచెయ్యి తెగింది. గుడ్డ చుట్టుకుని పని చేసుకుంటూ పోయింది. చెయ్యి మోచేతి దాకా వాచింది, జ్వరం వచ్చింది, ఆసుపత్రిలో చేర్చాం. అమ్మ పోయాక నాకు అన్నం కలిపి పెట్టిన చెయ్యి అది.

ఒక మందు ఇచ్చారు, మార్చారు, మళ్లీ మార్చారు. చివరికి చీము పరీక్ష రిపోర్టు వచ్చింది. అందులో ఉన్న ప్రతి మందు ఎదుటా 'నిరోధకత' అనే ఉంది. బావ దాన్ని చూసి, పాపం, వెలిగిపోయాడు.

"మంచిదేగా డాక్టరమ్మా? మా పందులకు దీనికే ఫస్టు ప్రైజు ఇచ్చారు."

డాక్టరమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "మంచిదే, క్రిమికి," అంది.

ఆసుపత్రిలో ఆఖరి మందు ఒకటి ఉందట. ప్రాణం మీదికి వస్తే తప్ప దాన్ని ముట్టుకోకూడదు. అల్మారాకు తాళం, ఆ తాళానికో కమిటీ. పెద్ద డాక్టర్లందరూ సంతకాలు పెట్టాక, నర్సు ఆ సీసాను పసిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు తెచ్చింది. బావ దాని మీద పేరు కూడబలుక్కుని చదివి, హమ్మయ్య అనుకున్నాడు.

"ఓస్, ఇదా! ఇది మన బలమే కదా. ఇంట్లో బస్తాలున్నాయి, పట్టుకు రమ్మంటారా?"

నర్సు డాక్టరమ్మ వైపు చూసింది. డాక్టరమ్మ కుర్చీలో కూలబడింది. ఆ ఆఖరి మందుకూ క్రిమి లొంగలేదు. ఆ వారంలోనే అక్క వేళ్లు రెండు తీసేశారు. మిగతా చెయ్యి దక్కుతుందో లేదో చెప్పలేమన్నారు.

నాకు ఒళ్లు మండి కార్యాలయానికి వెళ్లాను. అధికారిగారు నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, చాలా బాధపడ్డారు. తమ పరిధి నాలుగు కాళ్ల వరకేనన్నారు. క్రిమి నాలుగు కాళ్ల నుంచి రెండు కాళ్లకు మారినట్టు బదిలీ ఉత్తర్వు ఏదైనా ఉంటే చూపించమన్నారు. అసలు అది అక్క దగ్గర్నుంచే పందులకు అంటుకుందేమో అని ఆలోచనలో పడ్డారు. (ఈ కోణంలో విచారణ జరుగుతోంది. పందుల వాంగ్మూలం తీసుకున్నారు.)

ఆయన మంచి మనిషి. మర్నాడే పళ్ల సంచీతో ఆసుపత్రికి వచ్చారు.

"శుభవార్తమ్మా," అన్నారు మంచం పక్కన కూర్చుంటూ. "ఆ పాత మందును మందుల జాబితాలోంచి తీసేశాం. ఏ జబ్బునీ నయం చెయ్యనిదాన్ని మందని ఎలా అంటాం చెప్పండి? ఇకమీదట చీటీ గొడవ లేకుండా హాయిగా దాణాలో కలుపుకోవచ్చు."

అక్క కట్టు కట్టిన చేతిని దిండు మీదికి జరుపుకుంది. "మరి పనిచేసే మందు ఇంకేదైనా ఉందా సార్?" అని అడిగింది.

"ఎందుకు లేదమ్మా! కొత్తది వచ్చింది. ఎంత మొండి క్రిమి అయినా దాని దెబ్బకు చావాల్సిందేనట."

అక్క నా వైపు చూసింది. ఆసుపత్రిలో చేరాక ఆమె మొహంలో ఆశ కనిపించడం అదే మొదలు. బావ లేచి నిలబడి, చేతులు జోడించాడు.

"ఎప్పుడొస్తుంది సార్?"

"ఎంతో దూరం లేదయ్యా," అన్నారు అధికారిగారు బావ భుజం తట్టి. "సోమవారం మొదటి లోడు మీ పందులకే దిగుతోంది."