ఇరవై గొర్రెలు, ఒక మేకపోతు

ఆ రోజుకు నేత్రావతి వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు తిరుమణి దగ్గరి సోలార్ ప్లాంటు గేటు ముందుకు ఇరవై గొర్రెలు రావాలి. లోపల అరగంట మేయాలి. అది చూసి మేనేజర్ చందన్ సరేననాలి. అంతే.

కూతురు పుట్టినప్పుడు బెంగళూరు ఉద్యోగం మానేసి ఎనిమిదేళ్లయింది. ఈ మధ్య ఏ ఇంటర్వ్యూకు వెళ్లినా మధ్యలో ఈ ఖాళీ ఏమిటని అడిగేవాళ్లే. విసిగిపోయి తనే ఒక కన్సల్టింగ్ సంస్థ పెట్టుకుంది. ప్యానెళ్ల కింద మోకాలెత్తు పెరిగే గడ్డిని కోయించలేక కంపెనీలు సతమతమవుతున్నాయి. మేపుకునే బీళ్లు లేక ఊళ్లో మందలు అమ్ముడుపోతున్నాయి. ఈ ఇద్దరినీ కలపడమే సంస్థ ఆశయం. ఇది కుదరకపోతే మళ్లీ ఇంటర్వ్యూలు, మళ్లీ అదే ప్రశ్న. తలచుకుంటేనే నీరసం వచ్చేది.

గొర్రెలైతే ప్యానెళ్లెక్కవని, మేకలను మాత్రం రానీయబోమని ఆమె చందన్‌కు పంపిన కాగితాల్లో మూడుచోట్ల రాసింది. మామ తిమ్మరాయప్పకూ చెప్పింది. ఆయన తలూపాడు. ఆమె ఉద్యోగం మానేసిన సంవత్సరమే ఆయన పొలం ప్యానెళ్ల కిందికి పోయింది, మందను అమ్మేశాడు. అప్పటినుంచీ అరుగు దిగింది తక్కువ. ఆ రోజు మాత్రం పెందలాడే లేచి, ఊళ్లో ఇంకా మంద ఉన్న చిన్నరంగప్ప దగ్గర్నుంచి ఇరవై గొర్రెలను ఏరి తోలుకొచ్చాడు. వాటి ముందు మెడలో గంటతో ఒక మేకపోతు నడుస్తోంది.

"మేకలు వద్దని చెప్పినాను గదా మామా."

"మేకలు యాడుండాయమ్మా, ఒకటే గదా. ముందర ఇది లేకుంటే గొర్రెలు అడుగు తీసి అడుగెయ్యవు."

పోతును గేటు బయట కట్టేయించింది. గొర్రెలు దాని చుట్టూ కూలబడ్డాయి. పావుగంట గడిచింది. చందన్ గడియారం చూసుకోసాగాడు. చేసేది లేక కట్టు విప్పించింది. పోతు దర్జాగా లోపలికి నడిచింది, గొర్రెలూ నడిచాయి. అంతా చూస్తుండగానే అది ప్యానెల్ మీదికెక్కింది.

కాపలావాడు ఈల ఊదాడు. గొర్రెలు బెదిరి ప్యానెళ్ల వరసల్లోకి చెదిరిపోయాయి. ఆ ఈల విన్న అవతలి కాపలావాళ్లు, ఊరివాళ్లు గొర్రెలను తోలి ధర్నా చేస్తున్నారనుకుని జీపులో దిగారు. వాళ్లు తరిమేకొద్దీ గొర్రెలు ఇంకా దూరం పోయాయి. పోతు మూడో ప్యానెల్‌కు చేరింది. నేత్రావతి ఒక ప్యానెల్ నీడలో కూలబడింది. తన ఎనిమిదేళ్ల ఖాళీ తొమ్మిదేళ్లవుతోందని తెలిసిపోయి ఏడుపొచ్చింది.

"ఆ ఈలలు ఆపండప్పా," అన్నాడు తిమ్మరాయప్ప.

నాలుకతో రెండుసార్లు చప్పుడు చేసి, దీర్ఘంగా ఒక కూత వేశాడు. పోతు కిందికి దూకింది. దాని గంట విని ఒక్కో వరసలోంచీ గొర్రెలు బయటికొచ్చాయి. ఇరవైకి ఇరవై.

చందన్ కంచె దూరి వచ్చి ప్యానెళ్లెక్కే మేకలను దింపలేక రెండేళ్లుగా వేగుతున్న మనిషి. కాంట్రాక్టు ఇస్తాను గాని ఈ కన్సల్టెంటే రోజూ రావాలని తిమ్మరాయప్పను చూపిస్తూ నేత్రావతితో చెప్పి, ఫారం తెప్పించాడు. ఎనిమిదేళ్ల కిందటిదాకా మామకు యాభై ఏళ్ల అనుభవమని ఆమె రాసింది. మధ్యలో ఎనిమిదేళ్ల ఖాళీ ఏమిటని చందన్ అడిగాడు.

"మీరు వచ్చినారు గదప్పా," అన్నాడు తిమ్మరాయప్ప.

చందన్ ఇంకేమీ అడగకుండా సంతకం చేశాడు. ఫారంలో సహాయకుల గడి ఒకటి మిగిలింది. అందులో నేత్రావతి తన పేరు తనే రాసుకుంది.