పూర్తిగా ముట్టింది

కొండల్లోకి వెళ్ళడానికి వనజాక్షికి పర్మిట్ వచ్చింది గానీ ఆమె చేతులకు రాలేదు.

ఈ సంగతి రైల్లో మూడోరోజు పొద్దున తెలిసింది. చివరి స్టేషన్ ఇంకో గంటలో వస్తుందనగా పర్మిట్ల గుమాస్తా పెట్టెలోకి వచ్చి కాగితాలు చూశాడు. పాలకొల్లు వైపు నుంచి డిప్యుటేషన్ మీద వచ్చినవాడు కావడంతో తెలుగులోనే చెప్పాడు.

"చేతులు చేయబోయే పని అన్న గడి ఖాళీగా వదిలేశారండి."

మంచు పట్టుకోవడం అని రాయడానికి వనజాక్షికి సిగ్గేసింది. ఎనిమిదో తరగతిలో మంచు పాఠం విన్ననాటి నుంచీ దాన్ని ఒక్కసారి అరచేతిలో పట్టుకోవాలని ఉండేది. ఈ ప్రయాణం అందుకే.

"పనేమీ లేదండి," అంది.

"పని లేని చేతుల్ని రానివ్వరండి."

"పోనీ, ఉందని రాసుకోండి."

"పనున్న చేతులైతే పనున్నచోటే ఉండాలి కదండీ."

ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఎదురు బెర్తు పైడితల్లి అప్పటికే తన చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆమె రావడం ఇది రెండోసారి.

"చేతుల్తో సరిపెట్టారు, నయం వదినా! పోయినసారి నా నడుం కూడా ఆపేశారు."

వనజాక్షి అందరికీ పులిహోర పెట్టేసి, డబ్బా కడిగి మూత పెట్టాకే చేతులు అప్పగించింది. మోచేతుల దాకా, గాజులతో సహా, గుమాస్తా వాటిని తడిగోనెలో చుట్టి చీటీ కట్టాడు. తిరుగు రైల్లో పూలబుట్టల పక్కన పెట్టి తాడేపల్లిగూడెంలో ఆమె ఇంటికి పంపించారు.

కొండమీద మబ్బులు వరండాలోకి వచ్చి కాసేపు కూర్చుని వెళ్ళేవి. మంచు మాత్రం నాలుగు రోజులైనా పడలేదు. ఐదో రోజు, చేతులతో పాటు పంపిన రసీదు సంతకమై పర్మిట్ల ఆఫీసుకు తిరిగొచ్చింది. భాగమా, మొత్తమా అన్నచోట ఆమె భర్త భానుమూర్తి గుండ్రటి అక్షరాలతో "పూర్తిగా ముట్టింది" అని రాసి సంతకం పెట్టాడు.

గుమాస్తా ఇబ్బందిగా చూశాడు. "దీని ప్రకారం మీరు ఇంటికి చేరిపోయారండి. చేరిపోయిన మనిషికి మళ్ళీ తిరుగు టిక్కెట్టు ఇవ్వకూడదు. ఆయన దిద్ది పంపితే సరి."

ఆఫీసు ఫోను ఆమె చెవి దగ్గర పట్టుకున్నాడు.

"ఏమండీ, భోంచేశారా?"

"ఆఁ, గోంగూర పప్పు. నువ్వే చేశావుగా."

"ఆ కాగితం మీద చేతులు మాత్రమే అని దిద్దాలిటండీ."

"ఎందుకే? ఏం తక్కువైందని రాయను? పొద్దున్నే కాఫీ వస్తోంది, చొక్కాలు ఇస్త్రీ అవుతున్నాయి. మాటాపలుకూ లేకపోతే బడలిక అనుకున్నా. ఒక్క ఉప్పే ఎక్కువవుతోంది."

వనజాక్షికి అర్థమైంది. పులుసు రుచి అరచేతిలో వేసుకునే చూస్తుంది. అరచేయి అక్కడ, నాలుక ఇక్కడ.

"తగ్గించమనండి."

"ఎవర్ని?"

"నన్నే."

"సరే, చెప్తాలే," అని పెట్టేశాడు.

గుమాస్తా పెద్ద పుస్తకం తెరిచి ఆమె పేరు సందర్శకుల జాబితాలో కొట్టేసి, నివాసుల జాబితాలో రాశాడు. అందులో పేర్లన్నీ ఆడవాళ్ళవే, దస్తూరి మాత్రం అతనిది.

అప్పుడు మంచు మొదలైంది. వనజాక్షి అలవాటుగా లేని చేతులు చాచింది. రవిక చేతుల కింద నుంచి మంచు నేలమీద పడిపోయింది. వరండా పొడవునా ఆడవాళ్ళు నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. ఆమె కూడా వెళ్ళి చివర నిలబడి నాలుక చాపింది.

"ఎలా ఉందండీ?" అన్నాడు గుమాస్తా. అడగడం అతని డ్యూటీ.

"చప్పగా ఉంది. హాయిగా ఉంది," అంది.

అదే సమయానికి తాడేపల్లిగూడెంలో గిన్నెలు తోమడం ముగించిన రెండు చేతులు వంటింటి కిటికీ చువ్వల్లోంచి బయటికి చాచుకుని, అరచేతులు ఆకాశం వైపు పట్టుకుని ఉన్నాయి. బయట ఎండ మండిపోతోంది. భానుమూర్తి పెరట్లోంచి వస్తూ వాటిని చూశాడు. తాగేసిన కాఫీ గ్లాసు వాటిలో పెట్టి లోపలికి వెళ్ళాడు.